కమాన్ కట్ట కింద దొరికిన తీగ

మా బావ పికప్ బండి 2022 జూలైలో ఒక వాన సాయంత్రం నందినీ రోడ్డు మీద గిర్రున తిరిగిపోయి కల్వర్టు గోడకి గుద్దుకుంది. అహివారా దగ్గర సిమెంటు దింపేసి ఖాళీగా వస్తోంది. ఆవు అడ్డం వచ్చింది, కుర్రాడు బ్రేకు తొక్కాడు, బండి వెనక భాగం ముందుకొచ్చేసింది. కుర్రాడికి తొడ ఎముక విరిగింది. ఆవుకి ఏమీ కాలేదు.

ఈ ప్రమాదానికి కారణం ఏమిటో మా ఇంట్లో ఆ రాత్రే తేల్చేశారు. నాకు మాత్రం వారం పట్టింది. ఆ వారం సంగతే ఇది. బండి వెనక కమాన్ కట్టల గురించీ, బ్రేకుల గురించీ కాస్త ఎక్కువే చెప్పాల్సి వస్తుంది. కొంచెం ఓపిక పట్టండి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ముందు మా సంగతి చెబుతాను. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి పక్క. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం రష్యా వాళ్ళతో ఒప్పందం 1955లో జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ ఫర్నేసు ఇంకా కడుతుండగానే 1958లో మా నాన్న వచ్చి పనిలో చేరాడు. నేను పుట్టిందీ ఇక్కడే, అదే ప్లాంటులో మెయింటెనెన్సు పని చేసి 2021లో రిటైరైందీ ఇక్కడే. క్వార్టరు వదిలేశాక కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాం. నా చిన్నప్పుడు కోహ్కా అంటే పొలాల మధ్య ఊరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది, ఎటు చూసినా ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. ఇళ్ళు కట్టేచోట సిమెంటుకీ చువ్వలకీ గిరాకీ ఉంటుంది. మా బావ, అంటే మా అక్క భర్త, ఆ వ్యాపారమే చేస్తాడు. ఒక దుకాణం, రెండు పికప్ బండ్లు.

ఇక ఆ రాత్రి తీర్పులు వినండి. మొత్తం మూడు.

మొదటిది మా అమ్మది. అమ్మకి ఎనభై దాటాయి. మా వీధి చివర ఒక ఛత్తీస్‌గఢీ ముసలావిడ ఉంటుంది. భర్త లేడు, పిల్లలు లేరు. గంపలో ఆకుకూరలు పెట్టుకుని అమ్ముతుంది. బావ రెండో బండి కొన్నరోజున ఆవిడ గుమ్మం ముందు ఆగి, "రెండో బండి కూడా వచ్చేసిందే!" అందట. "ఆ కళ్ళేరా, ఆ కళ్ళు పడ్డాయి" అంది అమ్మ.

రెండోది బావది. "ఆడు తాగుంటాడు. ఖాళీ బండి, ఎదర ఆవు, ఆపలేకపోవడం ఏటి?"

మూడోది డ్రైవరు తల్లిది. ప్రతి శనివారం మార్చాల్సిన నిమ్మకాయ, మిరపకాయల దండని ఆ శనివారం మార్చలేదట. కొడుకు ఎన్నిసార్లు చెప్పినా యజమాని పదిరూపాయలు ఇవ్వలేదట.

మన సభల్లో అయితే ఇలాంటివి చెప్పుకుని నవ్వుకుంటాం. కానీ ఆ వారంలో నవ్వే పరిస్థితి లేదు. రెండోరోజు పొద్దున్నే ఎవరో దిష్టి తీసిన మిరపకాయలూ ఉప్పూ తీసుకెళ్ళి ఆ ముసలావిడ గుమ్మం ముందు పోశారు. వీధిలో ఆడవాళ్ళు ఆవిడ దగ్గర కూర కొనడం మానేశారు. ఇది ఛత్తీస్‌గఢ్. ఇక్కడ 'టోనహీ' అనే మాట ఉంది. మన వైపు చేతబడి చేసేది, చిల్లంగి పెట్టేది అంటారే, అలాంటి మాట. ఒంటరి ముసలిదాని మీద ఆ మాట ఒకసారి పడిందంటే కొట్టడం, ఊరి నుంచి తరమడం, ఒక్కోసారి చంపడం దాకా పోతుంది. అందుకే ఈ రాష్ట్రంలో 2005లో ప్రత్యేకంగా చట్టం చేశారు. ఎవరినైనా టోనహీ అని వేలెత్తి చూపిస్తేనే మూడేళ్ళ దాకా జైలు శిక్ష వేయొచ్చు. మా వీధిలో ఆ మాట ఇంకా ఎవరూ పైకి అనలేదు. కానీ మిరపకాయలు పడ్డాయి. మాట పడడానికి ఎంతసేపు?

అటు కుర్రాడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. తాగి నడిపాడని బావ అంటే వైద్యం ఖర్చు బావ ఇవ్వనక్కర్లేదు. అంటే ఒక కారణం నిజమైతే ముసలావిడ బతుకు పోతుంది, ఇంకో కారణం నిజమైతే కుర్రాడి బతుకు పోతుంది. కారణం కనుక్కోవడమనేది ఊరికే తెలివితేటల ఆట కాదని నాకు అప్పుడు తెలిసొచ్చింది.

ప్లాంటులో మాకు ఒక అలవాటు ఉండేది. యంత్రం ఆగిపోతే ఎవరి తప్పు అని ముందు అడగకూడదు. ఏది విరిగింది, ఏది కాలింది, ఏది జారింది అని చూడాలి. ఆ తర్వాతే మనుషుల సంగతి. అలాగే మొదలుపెట్టాను.

ముందు ఆస్పత్రి కాగితాలు అడిగి చూశాను. మద్యం ఊసే లేదు. కుర్రాడిని అడిగితే ఒకే మాట చెప్పాడు: "అంకుల్, యాభైలో ఉన్నాను. బ్రేకు పడలేదని కాదు. బాగా పడింది. పడగానే వెనక భాగం నన్ను దాటి వెళ్ళిపోయింది." ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తర్వాత బావ గొడౌన్‌లో పెట్టిన బండి కిందకి టార్చి పట్టుకుని దూరాను. బ్రేకు ఆయిలు ఉంది. వెనక డ్రమ్ములు విప్పించాను, లైనర్లు బాగానే ఉన్నాయి. వెనక టైర్లు అరిగి ఉన్నాయి, అది రాసుకున్నాను. తర్వాత వెనక ఇరుసు పైన, ఛాసిస్‌కి బిగించిన ఒక చిన్న వాల్వు కనిపించింది. దాని నుంచి ఒక మీట ఇరుసు వైపు వస్తుంది. ఆ మీటని పైకి లాగి ఛాసిస్‌కి తీగతో కట్టేశారు. మామూలు కట్టుతీగ. చువ్వలు కట్టడానికి మా బావ దుకాణంలో కిలోల లెక్కన అమ్మే తీగ!

ఆ వాల్వు ఏమిటో, దాన్ని ఎందుకు పెట్టారో, ఎందుకు కట్టేశారో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

'కమాన్' అంటే పారసీ భాషలో విల్లు. మన ఊళ్ళలో జట్కాబండికి ఇరుసు మీద ఉండేవే కమాన్లు. ఇక్కడి హిందీ మెకానిక్కులు కమానీ అంటారు, అందులో ఒక్కో రేకుని పట్టా అంటారు. ఎద్దుబండికి ఇవి ఉండవు, అందుకే నడుం విరుగుతుంది. గుర్రబ్బండి నుంచి లారీకి, లారీ నుంచి పికప్‌కి అదే కట్ట వచ్చింది. 1954లో టాటా వాళ్ళు బెంజ్ వాళ్ళతో కలిసి మొదలుపెట్టిన లారీల నుంచి, 1986లో వచ్చిన 407, 1988లో వచ్చిన టాటామొబైల్ పికప్, 2005లో వచ్చి 'ఛోటా హాథీ' అని పేరు తెచ్చుకున్న ఏస్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ దాకా అన్నిటికీ వెనక కమాన్ కట్టే.

ఇన్నేళ్ళు ఎందుకు నిలిచింది? ఎందుకంటే అది ఒక్కటే మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకీ వెనక్కీ పక్కలకీ జరగకుండా పట్టుకుంటుంది. పట్టాలు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల ఊగుడుని కొంత తగ్గిస్తుంది. కాయిల్ స్ప్రింగు పెడితే అది బరువు మాత్రమే మోస్తుంది, ఇరుసుని పట్టుకోవడానికి వేరే కడ్డీలు కావాలి. కమాన్ కట్ట చౌక. విరిగితే ఏ ఊళ్ళోనైనా బాగుచేస్తారు.

అయినా కట్టలో మార్పు రాలేదని కాదు. పాతవాటిలో ఒకే మందం ఉన్న పట్టాలు బోలెడు పేర్చేవారు. రాసుకోవడం ఎక్కువ, ఖాళీ బండి గుంతలో పడితే ఎగిరి పడేది. తర్వాత పారాబోలిక్ కట్టలు వచ్చాయి. మధ్యలో మందంగా, చివరలకి పోయేకొద్దీ పలచగా ఉండే పట్టా. ఉక్కు అంతటా బరువుని సమానంగా పంచుకుంటుంది కాబట్టి తక్కువ పట్టాలతో పని జరుగుతుంది. కొన్ని బండ్లలో రెండంచెల కట్ట ఉంటుంది. పై అంచె ఎప్పుడూ మోస్తుంది, రెండో అంచె బరువు పడి బండి కిందకి దిగినప్పుడే తగులుతుంది. అంటే ఖాళీగా ఉన్నప్పుడు మెత్తగా, లోడుతో గట్టిగా ఉండేటట్టు ముందే లెక్క వేసి పెడతారన్నమాట.

అమెరికాలో ఈ ప్రయాణం ఒకే దారిలో సాగలేదు. షెవ్రొలే పికప్‌లలో 1960లోనే వెనక కాయిల్ స్ప్రింగులు పెట్టి, 1973లో మళ్ళీ కమాన్ కట్టకే వచ్చారు. 2009 మోడల్ డాడ్జ్ రామ్ 1500కి మళ్ళీ కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. అక్కడ పికప్‌ని ఇంటి బండిగా వాడేవాళ్ళు పెరిగారు, మెత్తగా ఉండాలన్నారు. ఇక్కడ పికప్ అంటే సిమెంటు, ఉల్లిపాయలు, గేదెలు. 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్‌కీ, ఆంధ్రాలో శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్‌కీ కూడా వెనక కమాన్ కట్ట, డ్రమ్ము బ్రేకే. పాతదైనంత మాత్రాన చెడ్డది కాదు, కొత్తదైనంత మాత్రాన మంచిది కాదు. ఏ పనికి అన్నదే ప్రశ్న.

బ్రేకుల కథ ఇంకొంచెం తమాషాగా ఉంటుంది. డ్రమ్ము బ్రేకులో డొల్లలాంటి డ్రమ్ము లోపల రెండు షూలు బయటికి తెరుచుకుని రాసుకుంటాయి. తిరిగే డ్రమ్మే షూని తనలోకి లాక్కుంటుంది కాబట్టి తక్కువ ఒత్తిడితో ఎక్కువ పట్టు వస్తుంది. హ్యాండ్ బ్రేకు పెట్టడం కూడా తేలిక. కానీ మూసి ఉండడం వల్ల వేడి బయటికి పోదు. వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఘాటు దిగేటప్పుడు లారీ వాళ్ళు బ్రేకు 'పోయింది' అనేది చాలాసార్లు ఇదే. డిస్కు బ్రేకు గాలికి తెరుచుకుని ఉంటుంది, త్వరగా చల్లబడుతుంది. అందుకే ముందు చక్రాలకి డిస్కులు వచ్చాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి తూలుతుంది, ఎక్కువ పని ముందు బ్రేకులే చేయాలి. వెనక డ్రమ్ములు అలాగే ఉండిపోయాయి.

పికప్ బండికి మాత్రం కారుకి లేని ఒక చిక్కు ఉంది. వెనక చక్రాల మీద బరువు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చిన్న లెక్క వేద్దాం. ఖాళీ బండి 1,600 కిలోలు అనుకోండి. అందులో వెనక చక్రాల మీద 640 కిలోలు. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకి తూలి వెనక మిగిలేది సుమారు 400. అదే బండిలో 1,300 కిలోల సరుకు వేస్తే, అంతే గట్టిగా బ్రేకు వేసినా వెనక సుమారు 1,300 కిలోలు మిగులుతుంది. టైరుకి రోడ్డు మీద పట్టు దాని మీదున్న బరువుని బట్టే ఉంటుంది. అంటే లోడు ఉన్నప్పుడు వెనక చక్రాలు తట్టుకోగల బ్రేకు, ఖాళీగా ఉన్నప్పుడు తట్టుకోగలిగినదానికి మూడు రెట్లు. ఒకే పెడలు, ఒకే కాలు. బ్రేకు లోడుకి సరిపోయేలా పెడితే ఖాళీ బండిలో వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. ఖాళీకి సరిపోయేలా పెడితే లోడులో బండి ఆగదు.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయమే ఆ చిన్న వాల్వు. లోడు పడితే కమాన్ కట్ట వంగి బండి కిందకి దిగుతుంది, ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య సందు తగ్గుతుంది. ఆ సందుని మీట కొలుస్తుంది. సందు తగ్గితే వెనక బ్రేకుకి ఆయిలు ఒత్తిడి ఎక్కువ వదులుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. బండి వంగిన నడుమే కొలమానం!

వెనక చక్రాలు బిగుసుకుపోతే ఏమవుతుంది? తిరుగుతున్న టైరు పక్కకి జారకుండా పట్టుకుంటుంది. బిగుసుకున్న టైరుకి ఆ పట్టు పోతుంది, ఎటు తోస్తే అటు జారుతుంది. ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగు పనిచేయదు కానీ బండి తిన్నగా జారుతుంది. వెనకవి బిగుసుకుంటే వెనక భాగం ముందు భాగాన్ని దాటిపోవాలని చూస్తుంది. కుర్రాడు చెప్పిన మాట అదే: "వెనక భాగం నన్ను దాటి వెళ్ళిపోయింది." మంచం మీద పడుకుని భౌతికశాస్త్రం చెప్పాడు, మేం తాగాడన్నాం.

అమెరికాలో ఫోర్డ్ వాళ్ళు 1987లో పికప్‌లకి వెనక చక్రాలకి మాత్రమే యాంటీలాక్ బ్రేకు పెట్టింది ఈ బాధ వల్లే. చక్రం బిగుసుకోబోతుంటే పసిగట్టి ఒత్తిడి వదిలేసే ఏర్పాటు అది. మన దేశంలో కొత్త కార్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అది ఉన్న బండ్లలో ముందుకీ వెనక్కీ బ్రేకు పంచే పని కూడా సెన్సార్లే చూసుకుంటాయి. మా బావ బండి పాతది, దానికి ఉన్నది ఆ మీట ఒక్కటే. దాన్ని తీగతో కట్టేశారు.

ఎవరు కట్టారు? తెలుసుకోవడం కష్టం కాలేదు. కమాన్ పని చేసిన మిస్త్రీని అడిగాను. దాచలేదు. ఆయన చెప్పింది ఇది: "మీ బావగారి బండికి ఒక్కో పక్క రెండేసి పట్టాలు అదనంగా వేశాం. అప్పటినుంచి లోడు వేసినా బండి దిగట్లేదు. వాల్వు ఏమో ఖాళీ బండి అనుకుంటోంది, వెనక బ్రేకు ఇవ్వట్లేదు. ముందు ప్యాడ్లు తొందరగా అరిగిపోతున్నాయి, బండి ఆగట్లేదు అని మీవాళ్ళే వచ్చారు. మీట పైకి కట్టేశా. బ్రేకు పడింది."

చూశారా, ఇందులో ప్రతి మెట్టూ నిజమే! ఆయన మూర్ఖుడు కాదు. వాల్వు ఎలా పనిచేస్తుందో నాకంటే బాగా తెలుసు. కానీ పరీక్ష సగమే చేశాడు. లోడుతో నడిపి చూశాడు, ఆగింది, సరే అన్నాడు. ఖాళీ బండితో తడి రోడ్డు మీద నడిపి చూడలేదు. ఆ పరీక్ష ఆరునెలల తర్వాత నందినీ రోడ్డు మీద కుర్రాడి తొడతో జరిగింది.

అదనపు పట్టాలు ఎందుకు వేయించారు అంటారా? 50 కిలోల సిమెంటు బస్తాలు 26 వేయాల్సిన బండిలో 40 వేస్తున్నారు కాబట్టి. బండి నడుం వంగితే దూరం నుంచే ఓవర్‌లోడు అని తెలిసిపోతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకి 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. పట్టాలు వేస్తే నడుం వంగదు. బండి బలంగా కనిపిస్తుంది. కానీ డ్రమ్ములు అవే, టైర్లు అవే, ఇరుసు అదే. కట్ట బలపడితే బండి బలపడదు.

ఇప్పుడు నేను చెప్పాల్సిన అసలు మాట. ఆ ఏడాది జనవరిలో బావ నన్ను అడిగాడు. "బావా, నువ్వు ప్లాంటులో సేసినోడివి. పట్టాలు ఏయించమంటావా, వొద్దంటావా? సెప్పు" అన్నాడు. నేను టీ తాగుతూ, "వేయించు బావా, గట్టిగా ఉంటుంది, నష్టం ఏముంది" అన్నాను.

ముప్పై ఏళ్ళకి పైగా యంత్రాల మధ్య పనిచేసినవాణ్ణి. బండి కిందకి ఒక్కసారి వంగి చూడలేదు. ఆ ఎత్తు మారితే ఇంకేం మారుతుందని అడగలేదు. 'గట్టిగా ఉంటే మంచిది' అన్నది నాకు తెలిసిన విషయం కాదు, నేను నమ్మిన విషయం. పరీక్షించకుండా నమ్మాను. బంపరుకి నిమ్మకాయ కట్టేవాణ్ణి చూసి నవ్వే నేను చేసిన పని దానికంటే పెద్ద తప్పు. నిమ్మకాయ కనీసం బ్రేకు జోలికి పోదు.

నాలుగోరోజు మా అక్క మనవడి బొమ్మ కారు తీసుకున్నాను. నున్నటి చెక్కపలకని వరండాలో ఏటవాలుగా పెట్టాను. అమ్మ, అక్క, బావ అందరూ ఉన్నారు. ముందు చక్రాలు తిరగకుండా రబ్బరు బ్యాండు చుట్టి వదిలాను. కారు తిన్నగా జారింది. తర్వాత అదే బ్యాండు వెనక చక్రాలకి చుట్టి వదిలాను. సగం దూరం రాకముందే కారు గిర్రున తిరిగి వెనక ముందై దిగింది. మనవడు చప్పట్లు కొట్టి "మళ్ళీ తాతా" అన్నాడు. పదిసార్లు చేశాను. మీరూ ఇంట్లో చేసి చూడండి, ఖర్చు ఏమీ లేదు.

బావ ఏమీ మాట్లాడకుండా తీగ ముక్కని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. అమ్మ చాలాసేపు చూసి, "అయితే ఆ పట్టాలు ఏయించమన్నది ఎవుర్రా?" అంది.

"నేనే అమ్మా" అన్నాను.

బొమ్మ కారు చాలదని నాకే అనిపించింది. రెండో బండికీ పట్టాలు వేసి ఉన్నాయి, దానికీ అదే తీగ! వాన వెలిశాక కోహ్కా చివర ఖాళీ మైదానంలో చుట్టూ ఎవరూ లేకుండా చూసి, గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ఖాళీ బండికి బ్రేకు వేయించాం. తీగతో మూడుసార్లు, తీగ తెంపేసి మూడుసార్లు. తీగ ఉన్నప్పుడు మూడుసార్లూ తోక పక్కకి తిరిగింది. తెంపాక మూడుసార్లూ బండి తిన్నగా ఆగింది. డ్రైవరు అదే, నేల అదే, అద్దం మీద వేలాడే నిమ్మకాయ కూడా అదే. మారింది తీగ ఒక్కటే.

తీగ ఒక్కటే కారణమని నేను అనను. రోడ్డు తడిగా ఉంది. వెనక టైర్లు అరిగాయి. ఆవు వచ్చింది. వానలో యాభై కొంచెం ఎక్కువే. ప్రమాదం అంటే అలా కొన్ని కలిసి రావడమే. కానీ వానని ఆపలేం, ఆవుని ఆపలేం. తీగ తీసేయగలం, టైర్లు మార్చగలం. అందుకే కారణాల్లో మన చేతిలో ఉన్నవి వెతకాలి. దిష్టితో వచ్చిన చిక్కు ఇదే. దిష్టి అన్నాక ఇక ఎవరూ బండి కిందకి వంగి చూడరు. రెండో బండి కూడా అదే తీగతో తిరుగుతూ ఉండేది. దాన్ని నడిపేది ఇంకో తల్లి కొడుకు.

తీగ తీసేస్తే సరిపోదు. పట్టాలు ఉంచి తీగ తీస్తే లోడు బండి ఆగదు. కాబట్టి రెండు బండ్లకీ అదనపు పట్టాలు తీయించాం, మీటని కంపెనీ చెప్పిన కొలతకి బిగించాం, లోడు 26 బస్తాలకి తగ్గించాం. 40 బస్తాలు ఒక ట్రిప్పులో పోయేవి ఇప్పుడు రెండు ట్రిప్పులు. డీజిలు ఖర్చు పెరిగింది, బావ లాభం తగ్గింది. నెల తిరిగాక నా దగ్గరకొచ్చి, "నీ సైన్సు బాగానే ఉంది గానీ బావా, నా జేబుకి సిల్లు పడింది" అన్నాడు. నిజమే. నేను అబద్ధం చెప్పలేదు, "పడుతుంది బావా" అన్నాను. కానీ కుర్రాడి ఆస్పత్రి బిల్లు మొత్తం ఇచ్చాడు, మంచం మీద ఉన్న నాలుగు నెలలూ జీతం ఇచ్చాడు. అందులో సగం నేను పెట్టుకున్నాను. పెట్టుకోవాలి కదా.

డ్రైవరు తల్లికి మాత్రం నా వివరణ నచ్చలేదు. "తీగ సరే, దాన్ని అప్పుడే ఎందుకు పని చేయించాడు దేవుడు?" అంది. నా దగ్గర ఒక్కటే సమాధానం ఉంది: "అమ్మా, అంతకుముందు వానలో ఖాళీ బండితో గట్టిగా బ్రేకు వేయాల్సి రాలేదు, అందుకు." ఆవిడ తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు.

ముసలావిడ గుమ్మం ముందు మిరపకాయలు ఎవరు పోశారో ఎవరూ ఒప్పుకోలేదు. మా అమ్మ ఆవిడకి క్షమాపణ చెప్పలేదు, చెప్పే మనిషీ కాదు. కానీ బొమ్మ కారు చూసిన మర్నాడు పొద్దున నన్ను పిలిచి, "ఆ గంప మనిషిని ఇటు రమ్మను, తోటకూర కావాలి" అంది. ఆవిడ వచ్చి మెట్ల మీద కూర్చుంది. రెండు కట్టలు చాలినచోట అమ్మ నాలుగు కొంది. వీధిలో అందరూ చూశారు. వారం తిరిగేసరికి మిగతావాళ్ళూ కొనడం మొదలుపెట్టారు.

మన సభ్యుల్లో కొందరు అడుగుతుంటారు, ఇంట్లోవాళ్ళనే మార్చలేకపోయాం, ఊరినేం మారుస్తాం అని. మా బావ బండికి ఇప్పటికీ నిమ్మకాయ వేలాడుతూనే ఉంది. దాన్ని తీసేయమని నేను అడగలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇద్దరం కలిసి బండి కిందకి దూరుతాం. మీట కదులుతోందా, యూ బోల్టులు బిగువుగా ఉన్నాయా, పట్టా ఎక్కడైనా చిట్లిందా, డ్రమ్ము దగ్గర ఆయిలు కారుతోందా చూస్తాం. మొదట్లో నేను పిలిస్తే వచ్చేవాడు. ఇప్పుడు టార్చి తనే పట్టుకొస్తాడు.

మీకు పికప్ బండి ఉంటే, లేదా ఉన్నవాళ్ళు తెలిస్తే, ఒకసారి వెనక ఇరుసు పైన చూడండి. ఆ మీటకి తీగ కట్టి ఉంటే ఎవరు కట్టారని తర్వాత అడగొచ్చు. ఎందుకు కట్టాల్సి వచ్చిందో ముందు అడగండి.